ఒకే డిస్కులో రెండు కాపురాలు

మా ఇంట్లో ఉన్న కంప్యూటర్ సగమే మాది. మిగతా సగం కింది వాటాలో ఉండే ఆపాది. ఏదో మాటవరసకి అంటున్నది కాదు. డబ్బులు చెరిసగం వేసుకుని కొన్నాం, లోపలి డిస్కును కూడా రెండు భాగాలు చేసి పంచుకున్నాం.

రాంగోపాల్‌పేట్‌లో మేం అద్దెకుండే ఇల్లు రెండంతస్తులది. కింద ఆపా, ఆమె భర్త. పైన నేను, మా ఆయన, మా మామయ్యగారు. మా ఆయనకు రైలు మీద డ్యూటీ. ఆపా భర్తకు జనరల్ బజార్‌లో లేసులు, బొత్తాల దుకాణం. అందుకని పగలంతా ఆ ఇంట్లో మిగిలేది మేం ముగ్గురమే. ఆపా వాళ్లది భువనగిరి, మాది తెనాలి వైపు. ఆమె నన్ను 'చెల్లె' అంటుంది. నేను పిలిచే 'ఆపా' అంటే కూడా అక్క అనే అర్థం. మామయ్యగారిని ఆమె 'అంకుల్' అంటుంది. ఆయన ఆమెను 'అమ్మా' అంటారు, కోపం వచ్చినప్పుడు 'అమ్మాయ్' అంటారు. ఆ రెండో పిలుపు వినిపిస్తే ఆపా కిసుక్కున నవ్వుతుంది.

ఆపా పెళ్లిళ్ల బ్లౌజుల మీద మషీన్ ఎంబ్రాయిడరీ చేస్తుంది. కొత్త మషీన్ కొన్నప్పుడు పువ్వులూ లతలూ గీసుకునే ప్రోగ్రాం ఒకటి దానితో పాటే ఇచ్చారు. అది నడవాలంటే విండోస్ ఉన్న కంప్యూటర్ కావాలి. సరిగ్గా అప్పుడే నా ముసలి లాప్‌టాప్ కన్ను మూసింది. నేను ఇంట్లో కూర్చుని తెలుగు పుస్తకాలు టైప్ చేసి, పేజీలు కట్టి ఇస్తుంటాను. లాప్‌టాప్ లేకపోతే నాకు పని లేదు. ఇద్దరికీ విడివిడిగా కొనుక్కునే స్తోమత లేదు. మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ మాట్లాడుకున్నాం. కాయలు అయిపోయేసరికి ఇద్దరం కలిసి ఒకటే కొందామని తేల్చేసుకున్నాం.

మామయ్యగారు ఎగిరి గంతేశారు. ఆయన రైల్వేలో సిగ్నల్స్ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. ఆయన ఈడు వాళ్లు కుండీల్లో గులాబీలు పెంచుకుంటుంటే ఆయనకు విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లైనక్స్ పిచ్చి పట్టుకుంది. పొద్దున నడకకు వచ్చే స్నేహితుడొకాయన ఇచ్చిన సీడీతో మొదలైంది ఆ పిచ్చి. ఇక ఆగలేదు. మమ్మల్నిద్దర్నీ ఆటోలో పార్క్‌లేన్‌కి తీసుకెళ్లి, కంప్యూటర్ల కాంప్లెక్స్‌లో నాలుగు అంతస్తులూ తిప్పి, ఒక్కో ముక్కా ఒక్కో దుకాణంలో బేరమాడి, ఒక కంప్యూటర్ కట్టించారు. ఇంటికొచ్చాక డిస్కును రెండు చేసి, ముందు భాగంలో ఆపా కోసం విండోస్, వెనక భాగంలో నా కోసం లైనక్స్ ఎక్కించారు. స్విచ్ వేయగానే నల్లటి తెర మీద రెండు వరసలు వస్తాయి. పై వరస ఎంచుకుంటే నా కాపురం, కింది వరస ఎంచుకుంటే ఆపా కాపురం. ఒకరు ఉన్నప్పుడు రెండోవారు ఉండరు. పొద్దున వంట కాగానే ఆపా వచ్చి, తనకు కావలసిన డిజైన్ చేసుకుని, పెన్ డ్రైవ్‌లో ఎక్కించుకుని కిందికి వెళ్లేది. మధ్యాహ్నం నుంచి నేను. మూడేళ్లు ఏ గొడవా లేకుండా గడిచాయి.

గొడవ నా వైపు నుంచే వచ్చింది. పోయిన వానాకాలంలో నా లైనక్స్ రోజూ ఒక నోటీసు చూపించడం మొదలుపెట్టింది. ఈ వెర్షన్‌కి కాలం చెల్లింది, ఇక కొత్త సర్దుబాట్లేవీ రావు అని. మొదట్లో పట్టించుకోలేదు. తర్వాత ఈమెయిల్ తెరవబోతే మీ బ్రౌజర్ పాతదంది. ఆ తర్వాత ఒక పబ్లిషర్ పంపిన ఫైల్ తెరిస్తే అక్షరాల స్థానంలో డబ్బాలు వచ్చాయి. నాలుగు వందల పేజీల పుస్తకం, పేజీకి ముప్ఫై వరసల డబ్బాలు.

"నేను చెప్పలా? పోయినేడే చెప్పాను, అప్‌గ్రేడ్ చేద్దామని," అన్నారు మామయ్యగారు. ఆయన గొంతులో నా కష్టం మీద జాలి కంటే, పని దొరికిందన్న సంబరమే ఎక్కువ.

ఆ రోజంతా కళ్లజోడు సర్దుకుంటూ కూర్చున్నారు. సాయంత్రానికి మొహం వాడిపోయింది. విషయం ఏమిటంటే, మా వెర్షన్ మరీ పాతబడిపోవడం వల్ల దాన్ని నేరుగా కొత్తదానికి మార్చడం కుదరదు. నా ఫైళ్లను అలాగే ఉంచి, సిస్టమ్ ఉన్న భాగాన్ని చెరిపి కొత్తగా ఎక్కించాలి. కొత్తదానికి జాగా ఎక్కువ కావాలి. నా సగంలో జాగా లేదు. మూడేళ్లలో టైప్ చేసిన పుస్తకాలు, వాటి స్కాన్ బొమ్మలు, మామయ్యగారు దాచుకున్న పాత రైలింజన్ల వీడియోలు కలిసి దాన్ని కిక్కిరిసిన ఎంఎంటీఎస్ లోకల్ రైలు పెట్టెలా తయారుచేశాయి.

"మీ ఇంజన్ల వీడియోలు తీసేస్తేనో?" అన్నాను.

"అవి తీసినా చాలదమ్మాయ్," అన్నారు వెంటనే. లెక్క వేసి చెప్పారో, వేయకుండానే చెప్పారో నేను అడగలేదు.

ఆపా వైపు మూడొంతులు ఖాళీగా ఉందని ఇద్దరికీ తెలుసు. ఆమె పువ్వులు ఎన్ని గీసినా ఆ ఫైళ్లు చిన్నవే. ఆమె భాగాన్ని కాస్త కుదించి, ఆ జాగా నా భాగానికి కలపొచ్చు. కానీ ఆ మాట ఆమెను అడగడానికి మామయ్యగారు ఒప్పుకోలేదు. ఎందుకని అడిగితే, "అది మన పద్ధతి కాదు," అని లేచి వెళ్లిపోయారు.

మర్నాడు డాబా మీద ఆరేసిన బట్టలు తీస్తుంటే ఆపా అడిగింది. "ఏంది చెల్లె, అంకుల్ మొకం గట్లున్నది? నిన్నటి సంది కిందికే దిగలే."

నేను దాచలేదు, ఉన్నదంతా చెప్పాను. ఆమె భుజం మీది బట్టలు బుట్టలో పడేసి, తిన్నగా మా గదిలోకి వచ్చి మామయ్యగారి ఎదురుగా నిలబడింది.

"అంకుల్, మీ దిక్కు జాగ సాల్తలేదంట గదా? నా దిక్కు మస్తున్నది. తీస్కోండ్రి. నా పువ్వులకు, ఆకులకు ఎంత గావాలె?"

మామయ్యగారు కుర్చీలో ఇబ్బందిగా కదిలారు. "అది కాదమ్మా. పక్కవాళ్ల జాగాలోకి జరగడమంటేనే నాకు పడదు. మా నాన్నా, మా పెదనాన్నా మూరెడు గట్టు కోసం ఏళ్ల తరబడి మాట్లాడుకోలేదు. ఒకే బావిలో నీళ్లు తోడుకునేవాళ్లు, మొహాలు చూసుకునేవాళ్లు కాదు. మా పెదనాన్న పోయినప్పుడు కూడా మా నాన్న వీధి చివరే నిలబడ్డాడు. చిన్నప్పుడు అది చూశాను. ఎవరి హద్దు వాళ్లది, అంతే."

ఆ సంగతి నాకూ తెలియదు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఆపా పక్కన ఉన్న స్టూలు లాక్కుని కూర్చుంది.

"మీరు అడిగి తీస్కుంటలేరు గదా అంకుల్. నేనే ఇస్తున్న. రేపు నాకు గావాల్నంటే మళ్ల ఇటు జరుపొచ్చా?"

"జరపొచ్చు."

"మరి ఇంకేంది? గట్టు గట్ల జరుపుతమా? ఇది జరుపొచ్చు. షురూ చేయుండ్రి."

మామయ్యగారు ఆమె వైపు చూసి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "సరే. అయితే ఒక మాట. ఈ పనిలో తేడా వస్తే నీ వైపు మొత్తం పోవచ్చు. ముందు నీ డిజైన్లన్నీ వేరే చోట దాస్తాను."

"డిజైన్లు దాస్తరు, ప్రోగ్రామో?"

అదే అసలు చిక్కు. డిజైన్లన్నీ నా ఫోన్‌లోకి తేలిగ్గా ఎక్కాయి. ప్రోగ్రాం అలా ఎక్కేది కాదు. అది పోతే మళ్లీ పెట్టుకోవడానికి సీడీ లేదు, మషీన్ అమ్మినాయన ఎప్పుడో దుకాణం ఎత్తేశాడు. పైగా ఆపా చేతిలో ఒక పెళ్లివారి ఆర్డరు ఉంది. పెళ్లికూతురికీ, ఇద్దరు అక్కలకూ కలిపి ఒక అట్టపెట్టెడు బ్లౌజులు.

"అది గాయబ్ అయితే మాత్రం సూడుండ్రి అంకుల్," అంది ఆపా లేస్తూ. "మీ ఇద్దర్ని కూసోబెట్టి సూది దారం ఇస్తా. అన్ని బ్లౌజులు చేతితోటే కుట్టాలె."

మామయ్యగారు దాన్ని వేళాకోళంగా తీసుకోలేదు. రెండు రోజులు చదువుకున్నారు. కరెంటు ఆఫీసుకు ఫోన్ చేసి ఆదివారం మా వీధిలో ఏమైనా కోత ఉందా అని కనుక్కున్నారు. లేదన్నారు. ఆయన పెన్ డ్రైవ్ పాడైపోయి ఉంటే, ఆపా తన ఎర్ర పెన్ డ్రైవ్ ఇచ్చింది. దానికి జరీ దారంతో చేసిన చిన్న కుచ్చు వేలాడుతుంటుంది. కొత్త లైనక్స్‌ను అందులో ఎక్కించి, ఆదివారం పొద్దున ఇడ్లీలు తిని, చేతులు కడుక్కుని, దేవుడి పటానికి దణ్ణం పెట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. గీజరు వేయవద్దు, మిక్సీ తిప్పవద్దు, ఇస్త్రీ పెట్టె ముట్టవద్దు అని నాకు ఆజ్ఞ. ఆపా కూడా కింద తన మషీన్ బంద్ చేసి పైకొచ్చి కూర్చుంది.

పెన్ డ్రైవ్ మీదుగా కంప్యూటర్ లేచింది. తెర మీద డిస్కు మొత్తం ఒక పొడవాటి పట్టీలా కనిపించింది. ముందు ఆపాది, వెనక మాది. ఆయన ఆపా భాగపు అంచు పట్టుకుని లోపలికి నెట్టారు. మధ్యలో బూడిద రంగు ఖాళీ ఏర్పడింది.

"గంతేనా?" అంది ఆపా.

"ఇది బొమ్మే. అసలు పని ఇప్పుడు," అని మామయ్యగారు నా వైపు చూశారు. నేను ఆపా వైపు చూశాను. ఆమె చున్నీ తల మీదికి లాక్కుని, "బిస్మిల్లా," అంది. ఆయన నొక్కారు.

ఆపా భాగం కుదించడం తొందరగానే అయింది. మాది ముందుకు జరపడమే పెద్ద పని. లోపలున్న ప్రతి ముక్కనూ ఒక చోటు నుంచి ఇంకో చోటికి మోయాలట. మధ్యలో ఆగితే అటూ ఇటూ కాకుండా పోతుందట. పచ్చటి గీత చీమలా పాకుతోంది. మేం ముగ్గురం దాన్నే చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి విసుగొచ్చి ఆపా తన చిన్నప్పటి కబుర్లు మొదలుపెట్టింది. భువనగిరిలో వాళ్ల నానమ్మ చీర కొంగు మీద నెమలి కుట్టి, నెమలికి మూడు కాళ్లు పెట్టిందట. అదేమని అడిగితే, "కూసోనీకి ఒకటి ఎక్కువుంటే ఏమైతది?" అందట. మామయ్యగారు కూడా నవ్వారు, కళ్లు మాత్రం గీత మీదే.

అప్పుడే వాన మొదలైంది. కిటికీ మూసి వచ్చేలోపు ఉరిమింది. ఫ్యాన్ నెమ్మదించింది, ఆగిపోయింది. కరెంటు పోయింది.

బల్ల కింద యూపీఎస్ కీచుమంది. కంప్యూటర్ ఆగలేదు, గీత పాకుతూనే ఉంది. కానీ ఆ యూపీఎస్ కూడా మా కంప్యూటర్ వయసుదే. దాని బ్యాటరీ ఎంతసేపు మోస్తుందో ఎవరికీ నమ్మకం లేదు. తెర మీద ఇంకా ముప్పావు గంట అని చూపిస్తోంది.

మామయ్యగారు రెండు చేతులూ బల్ల మీద ఆనించి బిగుసుకుపోయారు. "ముట్టుకోవద్దు. ఎవ్వరూ ఏదీ ముట్టుకోవద్దు," అన్నారు. ఎవరం ముట్టుకోలేదు కూడా.

"అంకుల్, నా ఇన్వర్టర్ ఉన్నది గదా!" అని అరిచింది ఆపా. "మషీన్ కోసం పెట్టించింది. మస్తు చార్జింగ్ ఉంటది. వైరు పైకి గుంజుదాం!" అంటూనే మెట్లు దిగి పరుగెత్తింది.

ఆమె దగ్గర పొడవాటి ఎక్స్‌టెన్షన్ వైరు ఉంది. కానీ మెట్ల మీంచి చుట్టి తెస్తే మా గుమ్మం దాకా కూడా రాలేదు. నేను బాల్కనీలోకి పరుగెత్తి, కూరగాయల బండి వచ్చినప్పుడు దించే తాడుబుట్టను కిందికి దించాను. ఆపా తన కిటికీలోంచి సగం బయటికి వంగి, ప్లగ్గుల పెట్టెను పాలిథిన్ కవర్లో చుట్టి బుట్టలో వేసింది. వాన మా ఇద్దరి తలల మీదా ధారగా కురుస్తోంది. ఎదురింటి వాళ్లు తలుపు తెరిచి, ఈ వానలో వీళ్లు ఏ కూరగాయలు కొంటున్నారా అని వింతగా చూశారు.

"గుంజు చెల్లె! జెర మెల్లగ! ఆఁ, ఇప్పుడు గుంజు!"

బుట్ట పైకి వచ్చింది. వైరు సరిగ్గా బాల్కనీ గడప దాకా అందింది. అక్కడి నుంచి బల్ల దాకా ఇంట్లో ఉన్న ఇంకో ఎక్స్‌టెన్షన్ తగిలించాను. యూపీఎస్ కీచు అప్పటికి ఎడతెగకుండా మోగుతోంది. చేతులు తడిగా ఉన్నాయని మామయ్యగారు నన్ను పక్కకు నెట్టి, పంచె కొసతో తన చేతులు తుడుచుకుని, యూపీఎస్ ప్లగ్గు గోడలోంచి పీకి ఆ పెట్టెలో గుచ్చారు.

మోత ఆగిపోయింది. గదిలో వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. పచ్చటి గీత ఏమీ ఎరగనట్టు పాకుతూనే ఉంది.

కాసేపటికి ఆపా పైకి వచ్చింది, నీళ్లు కారుతూ. మామయ్యగారి మొహం చూసింది. తడి చున్నీ పిండుకుంటూ నవ్వడం మొదలుపెట్టింది. నాకూ నవ్వొచ్చింది. ఆయన మొదట కోపంగా "అమ్మాయ్!" అన్నారు. తర్వాత ఆయనా ఆపుకోలేకపోయారు. కరెంటు వచ్చేదాకా ముగ్గురం తువ్వాళ్లు కప్పుకుని టీ తాగుతూ ఆ గీతను చూశాం. గీత చివరికి చేరాక, కంప్యూటర్‌ను మళ్లీ లేపి, ముందు ఆపా వైపే వెళ్లాం. ఆమె ప్రోగ్రాం తెరుచుకుంది. అంతకు ముందు రోజు గీసిన మల్లెతీగ తెర మీద విచ్చుకుంది. ఆపా రెండు చేతులూ మొహానికి అద్దుకుంది. మామయ్యగారు వంటగదిలోకి వెళ్లి, నాకు కనబడదనుకుని రెండు మైసూర్‌పాక్ ముక్కలు తిన్నారు. ఆయనకు షుగర్. ఆ రోజు నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

కొత్త లైనక్స్ ఎక్కించడం మర్నాడు చేశారు. దానికి హంగామా ఏమీ జరగలేదు. అడిగిన ప్రశ్నలకు జవాబులు నొక్కుకుంటూ పోయారు. మధ్యాహ్నానికి నా కాపురం కొత్త సున్నం వేసిన ఇల్లులా తళతళలాడింది. డబ్బాలు పోయి అక్షరాలు వచ్చాయి. మామయ్యగారు తన స్నేహితులకు ఫోన్లు చేసి, పచ్చటి గీత సంగతీ బుట్ట సంగతీ వర్ణించారు. ఒక్కో ఫోన్‌కీ వాన పెద్దదవుతూ వచ్చింది.

మంగళవారం పొద్దున ఆపా ఎప్పటిలాగే వచ్చి, పని చేసుకుని, కంప్యూటర్ ఆపి వెళ్లింది. మధ్యాహ్నం నేను స్విచ్ వేశాను. రెండు వరసలూ రాలేదు. నల్లటి తెర మీద ఇంగ్లీషులో, వెతికిన డివైస్ దొరకలేదని ఒక ముక్క. దాని కింద 'రెస్క్యూ' అన్న మాట, పక్కన కొట్టుకుంటున్న చిన్న గీత.

మామయ్యగారు వచ్చి చూశారు. మళ్లీ ఆపి వేశారు. అదే నల్లటి తెర. ఆయన మొహం కూడా అలాగే అయింది. మా మాటలు విని ఆపా పైకి వచ్చింది.

"ఏమైంది? పొద్దుగాల మంచిగనే ఉండె గదా. జరుగుండ్రి," అని కుర్చీలో కూర్చుని తనూ స్విచ్ వేసింది. రెండు వరసలూ చక్కగా వచ్చేశాయి. మేమిద్దరం మొహమొహాలు చూసుకున్నాం.

"నా చెయ్యి మంచిది చెల్లె," అంది ఆపా, కుర్చీ నాకు అప్పగిస్తూ.

బుధవారం అదే వరస. నేను వేస్తే లేవదు, మామయ్యగారు వేస్తే లేవదు, ఆపా వచ్చి వేస్తే లేస్తుంది. గురువారం నేను ప్రయత్నించడం కూడా మానేసి, మెట్ల మీంచే, "ఆపా, ఒకసారి వచ్చి లేపవా!" అని కేకేశాను. ఆమె తాపీగా, పెద్ద డాక్టరులా మెట్లెక్కి వచ్చి లేపి వెళ్లింది. మామయ్యగారికి ఇది తలకొట్టేసినట్టయింది. పెట్టె విప్పి, దుమ్మంతా బ్రష్షుతో దులిపి, లోపలి ముక్కల్ని రబ్బరుతో రుద్దారు. వానలకు చెమ్మ చేరి ఉంటుందని ఒక పూట టేబుల్ ఫ్యాన్ పెట్టారు. ఏదీ ఫలించలేదు.

"చెల్లె, నువ్వు గుస్సాల నొక్కుతున్నవ్. ప్రేమతోని నొక్కాలె," అంది ఆపా. నేను ప్రేమగా కూడా నొక్కి చూశాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఒకసారి దానితో మంచిగా మాట్లాడి కూడా చూశాను.

శుక్రవారం నేను కేకేసినప్పుడు ఆపా చపాతీ పిండి కలుపుతోంది. చేతుల నిండా పిండితోనే పైకి వచ్చి, మోచేత్తో స్విచ్ నొక్కింది. నల్లటి తెర. రెస్క్యూ. మళ్లీ నొక్కింది. అదే. ఆమె మొహం ఒక్కసారిగా వాడిపోయింది. "అయ్యో, ఇప్పుడు నా చెయ్యి సుత పోయింది. పెళ్లోళ్లు ఎల్లుండి వస్తరు."

ఆమె మొహం వాడిపోయినా మామయ్యగారి మొహం మాత్రం వెలిగింది. "ఆగండి. ఇద్దరూ ఏదీ కదపకండి. సిగ్నల్ పడకపోతే ఊరికే తీగలన్నీ పీకకూడదు. పడినప్పుడు ఏముంది, పడనప్పుడు ఏది లేదు, అది చూడాలి. అమ్మా, నువ్వు రోజూ ఎలా వస్తావో అలా వచ్చి చూపించు."

"ఎట్లొస్తా? నడుస్తనే వస్తా."

"అదే, చూపించు."

ఆపా చేతులు కడుక్కుని, గుమ్మం బయటికి వెళ్లి, చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. కుర్చీ లాక్కుంది. కూర్చుంది. చున్నీ సర్దుకుంది. చేత్తో ఏదో పెట్టినట్టు పెట్టి, స్విచ్ నొక్కినట్టు నొక్కింది.

"ఆగు, ఆగు! మధ్యలో చేత్తో ఏం పెట్టావు?"

"పెన్ డ్రైవ్. పైకొస్తే పట్టుకొనే వస్తా, కూసోంగనే అది పెడ్తా, తర్వాత స్విచ్ వేస్తా. అలవాటు."

"ఇవాళ పెట్టావా?"

"లేదు. కింద మషీన్‌కే ఉన్నది."

ఆయన ఆమె కంటే ముందు తనే కిందికి పరుగెత్తారు. ఆ వయసులో అంత వేగంగా మెట్లు దిగడం నేనెప్పుడూ చూడలేదు. జరీ కుచ్చు ఊపుకుంటూ ఎర్ర పెన్ డ్రైవ్‌తో పైకి వచ్చి, గుచ్చి, స్విచ్ వేశారు. రెండు వరసలూ వచ్చాయి. తీసేసి వేశారు. నల్లటి తెర. పెట్టి వేశారు. వచ్చాయి.

కుర్చీలో వెనక్కి వాలి, అరచేత్తో నుదురు కొట్టుకున్నారు. "నేనే. అంతా నేనే చేశాను. లోపలికి దారి చూపించే ప్రోగ్రాం ఒకటుంటుంది. ఆ రెండు వరసలూ చూపించేది అదే. మొన్న కొత్తది ఎక్కించేటప్పుడు, దాన్ని ఎక్కడ పెట్టమంటావని అడిగింది. అన్నిటికీ సరే, సరే అని నొక్కుకుంటూ పోయినవాణ్ని, దానికీ పైన కనబడ్డ పేరే నొక్కాను. అది డిస్కు కాదు, ఈ పెన్ డ్రైవ్. కాపలావాణ్ని మన గుమ్మంలో పెట్టమంటే తీసుకెళ్లి ఆపా సంచీలో పెట్టాను."

"అంటే ఇన్ని దినాల సంది మీ ఇంటి తాళంచెవి నేను కిందికి తీస్కపోయి, మషీన్‌కు పెట్టుకుంట తిరిగిన్నా?" అంది ఆపా. ఆమెకు నవ్వు ఆగడం లేదు. "నా చెయ్యి గాదు, నా కుచ్చు మంచిది!"

సర్దుబాటు ఒక్క వరస ఆజ్ఞతో అయిపోయింది. మామయ్యగారు ఈసారి ప్రతి అక్షరం పైకి చదువుతూ, డిస్కు పేరును మా ఇద్దరి చేతా చదివించి మరీ నొక్కారు. పెన్ డ్రైవ్ తీసేసి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి స్విచ్ వేయమన్నారు. నేను ప్రేమగానూ నొక్కలేదు, కోపంగానూ నొక్కలేదు. రెండు వరసలూ వచ్చాయి.

పెళ్లివారు ఆదివారం వచ్చి బ్లౌజులు తీసుకెళ్లారు. పెళ్లికూతురు మల్లెతీగ బ్లౌజు అక్కడికక్కడే వేసుకుని, అద్దం ముందు నుంచి కదలనంది. నా పుస్తకం ఆ తర్వాతి వారం వెళ్లింది. ఆ సాయంత్రం ఆపా గిన్నె నిండా ఖుబానీ కా మీఠా, అదే ఎండు ఆప్రికాట్ల తీపి, పట్టుకుని పైకి వచ్చింది. మామయ్యగారికి అందులో ఒక్క చెంచాయే పెట్టాను. ఆయన దాన్ని నాలుగు విడతలుగా తిన్నారు.

తినడం అయ్యాక ఆపా కంప్యూటర్ వైపు చూస్తూ అంది. "అంకుల్, చెల్లె దిక్కు కొత్తగ మంచిగ అయింది. నా దిక్కు ఇంకా పాతదే గదా. దాన్ని సుత కొత్తది చేస్తరా?"

మామయ్యగారి కళ్లు మెరిశాయి. చెంచా పక్కన పెట్టి, కళ్లజోడు పెట్టుకుని, కుర్చీ కంప్యూటర్ వైపు తిప్పుకున్నారు.

"ఇప్పుడొద్దు మామయ్యా!" అన్నాను.

ఆపా అప్పటికే ఆయన కుర్చీని మళ్లీ మా వైపు తిప్పేసింది. "పెళ్లిళ్ల సీజన్ పోనియ్యిండ్రి అంకుల్. అప్పటిదాంక ఇంకో చెంచా తినుండ్రి."

ఆ చెంచాకి నేను అడ్డు చెప్పలేదు.